తీసుకోని శాలువా

సర్కారు కాలువ తవ్వకానికి తీసుకున్న భూమిలో మాకు పోయినవి: మూడెకరాల పద్నాలుగు గుంటల పొలం, అందులో ఒక బోరు, తొమ్మిది మామిడిచెట్లు, నాలుగు తాటిచెట్లు. పొలానికి అధికారులు కట్టిన ధర తక్కువ. చెట్లనైతే లెక్కలోకే తీసుకోలేదు. అందుకే మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు, నేను సిద్దిపేట కోర్టుకెక్కాం.

అక్కడి జడ్జి గారు కల్లు గీసే ఇంట్లో పుట్టినవారని మా వకీలు చెప్పాడు. వకీలుగా మొదలై, మున్సిఫుగా ఊళ్లు తిరిగి జిల్లా జడ్జి అయ్యారట. నేను ఏడో తరగతితో బడి మానేశాను, భూమి లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. బోనులో నిలబడి ఆ లెక్కంతా చెప్పాను. ఆయన చివరిదాకా విని ఒక్కటే అడిగారు.

"నాలుగు తాళ్లూ కల్లు పారుతయా?"

"మూడే సారూ. ఒకటి గీయక ఏండ్లయింది."

తీర్పులో మూడింటికే రాశారు. గుంటకు పదివేలు పెంచారు, చెట్లన్నిటికీ కలిపి అరవై తొమ్మిది వేలు ఇచ్చారు. మొత్తం పద్నాలుగు లక్షల తొమ్మిది వేలు. ప్రభుత్వం హైకోర్టుకు అప్పీలు పోయింది. అక్కడ సగం ఇప్పించి, మిగతా సగం అప్పీలు తేలేదాకా ఆపారు.

అంతలో ఆయన్నే హైకోర్టు జడ్జిగా వేశారని తెలిసింది. ఇక మా అప్పీలు ఆయన దగ్గరికే పోతుందని ఊరంతా మిఠాయి పంచాం. పెద్దబాపు మంచి శాలువా ఒకటి కొన్నాడు. కోర్టులో వీడ్కోలు సభ అయ్యాక, మెట్ల దగ్గర ఆయనకు ఎదురుపోయి శాలువా విప్పాడు. జడ్జి గారు రెండు చేతులూ జోడించి ఒక అడుగు వెనక్కి వేశారు.

"వద్దు పెద్దమనిషీ. మీ కేసు ఇంకా నడుస్తుంది."

"శాలువా కప్పుకుంటే మీదేం పోతది సారూ?"

"నాదేం పోదు, మీదే పోతది. రేపు అవతలి వకీలు గీ శాలువానే చూపెడతడు. ఇంటికి తీస్కపోండ్రి."

కారు కదిలాక మా వకీలు నవ్వాడు.

"ఆయన తీర్పు మీద అప్పీలు ఆయనే ఎట్ల వింటడే? పరీక్ష రాసినోడే మార్కులేసుకున్నట్టుంటది."

"మరి ఊరందరికీ లడ్డూలు పంచితిమి గదా" అన్నాడు పెద్దబాపు.

"నాకొక్కటి గూడ రాకపాయె."

పెద్దబాపు నవ్వలేదు. బస్సు ఊరు చేరుతుండగా, "ఆయన ఈడనే ఉంటే బాగుండు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. కానీ ఆ మనిషి తాటిచెట్ల లెక్క దగ్గర ఎంత నిక్కచ్చిగా ఉన్నారో మెట్ల దగ్గరా అంతే ఉన్నారు. అలాంటి మనిషి రాసిన తీర్పు కనకే నిలబడుతుందని నా నమ్మకం.

ఇప్పుడు వాయిదాలకు హైదరాబాదు పోతున్నాం. పోయినప్పుడల్లా పెద్దబాపు ఆయన కూర్చునే హాలు తలుపు దగ్గర కాసేపు నిలబడి వస్తాడు. మా ఫైలు వేరే హాల్లో ఉంది. మాకింకా రావలసింది, వడ్డీ కలపకుండా, ఏడు లక్షల నాలుగు వేల ఐదు వందలు.