ఖాదర్ బాషా గారి చెయ్యి జారింది

ఖాదర్ బాషా గారి చేతికి గాజు వస్తువు ఇవ్వకూడదు. పంచాయతీ సమితిలో ఏ బడిపంతులునడిగినా ఈ మాటే చెబుతాడు. ఇచ్చారా, అది నేల మీద ముక్కలై, అక్కణ్ణించి చీపురుకట్ట పాలవుతుంది.

పోనీ, ఆయన ఉద్యోగమేమైనా బస్తాలు మోసేదా? కాదే! కొత్త సైన్సు పాఠాల కోసం సర్కారు గ్రాంటు ఇచ్చి బళ్ళకు సామాన్లు కొనిపిస్తోంది. వాటిని ఎలా వాడాలో పంతుళ్ళకు నేర్పడానికి ఆయన సైకిలు మీద ఊరూరా తిరుగుతారు. అల్లూరు వైపు బళ్ళో థర్మామీటరు, మనుబోలు దగ్గర బళ్ళో భూతద్దం. ప్రతిచోటా ఒకటే మాట. "అరెరె, చెయ్యి జారింది!" మొహంలో మాత్రం విచారం మచ్చుకైనా ఉండదు.

ఒక పెళ్ళిలో ఆయన సరదాపడి గాజు పన్నీరుబుడ్డి అందుకోబోతే పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చి, "మీరు కూర్చోండి సార్, అలిసిపోయుంటారు" అని లాక్కున్నాడట. అప్పటికి ఆయన వచ్చి రెండు నిమిషాలు కూడా కాలేదు.

అలాంటి మనిషి మైపాడు పక్కన, సముద్రపొడ్డున ఉన్న జాలర్ల పాలెం బడికి వస్తున్నారని తెలిసి ఎలిశబెతు టీచరుకు గుండెల్లో రాయి పడింది. అక్కడ సామాన్ల పెట్టె వచ్చి ఏడాదైంది. హెడ్మాస్టరు కామాక్షయ్య దానికి తాళం వేసి, పసుపూ కుంకుమా పెట్టి, పైన దుప్పటి పరిచి కూర్చుంటున్నాడు.

"తియ్యండి సార్, పిల్లోళ్ళకు చూపిస్తాను" అంటే, "పగిలితే సంజాయిషీ నువ్విస్తావా అమ్మా?" అనేవాడు. ఆమె మైక్రోస్కోపును నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసేది. పిల్లలు దాన్ని చేతిపంపు అనుకున్నారు.

నెలాఖరులోగా పాఠం మొదలుకాకపోతే పెట్టెను వేరే బడికి పంపిస్తామని సమితి నుంచి కబురొచ్చింది. ఎలిశబెతుకు పెట్టె పోతుందని బెంగ. ఉన్నా ఏం లాభం, ముట్టుకుంటే తన చేతులు వణుకుతాయని ఇంకో బెంగ. వీటికి తోడు ఈయనొకరు!

కామాక్షయ్య మాత్రం జాగ్రత్తపడ్డాడు. బల్ల చుట్టూ మోకాలెత్తున వరిగడ్డి పరిపించాడు.

"ఏంది అయ్యవారూ, గొడ్లను గూడా చేర్చుకున్నారా బళ్ళో?" అన్నారు ఖాదర్ బాషా గారు.

"తమరి కోసమే సార్" అన్నాడు కామాక్షయ్య, తాళం తీస్తూ.

ఆయన గాజుకుప్పె ఒకటి పైకెత్తి, దాని గుణగణాలు వర్ణిస్తుండగానే చెయ్యి జారింది. కుప్పె గడ్డిలో మెత్తగా కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కామాక్షయ్య మీసం దువ్వుకున్నాడు. ఒక్క ఖాదర్ బాషా గారి మొహమే వాడిపోయింది. అది ఎలిశబెతు కంటబడింది.

"ఈడ వెలుతురు చాల్లేదు" అంటూ ఆయన కుప్పెతో సహా గడ్డి దాటి కిటికీ దగ్గరికి నడిచారు. ఫట్!

"అరెరె, చెయ్యి జారింది! చూసినారా అయ్యవారూ, మొదటిది పగలగొట్టింది నేను. సంజాయిషీ నాది. ఇంక వాడేటప్పుడు ఏది పగిలినా నా పేరే చెప్పండి. పైవోళ్ళకు నా సంగతి తెలుసు."

కామాక్షయ్య ఏడాదిగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. తాళంచెవి తెచ్చి ఎలిశబెతు చేతిలో పెట్టి, "కానీ తల్లీ, ఇంకేం భయం" అన్నాడు.

ఆమె మైక్రోస్కోపు కింద సముద్రపు నీటిచుక్క పెట్టింది. దాని మీద ఉల్లిపొరలాంటి గాజుపలక కప్పాలి. తియ్యబోయి, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఖాదర్ బాషా గారు ఆ పలకను రెండు వేళ్ళతో అందుకుని, చుక్క చెదరకుండా, బుడగ పట్టకుండా వాల్చారు. ఆ చెయ్యి ఇంతైనా కదల్లేదు.

"సార్, మీ చెయ్యి..."

ఆయన కామాక్షయ్య వైపు ఓరగా చూసి గొంతు తగ్గించారు. "గట్టిగా అనబాకమ్మా. తాళాలు తియ్యని బళ్ళు ఇంకా చానా ఉండాయి."

ఎలిశబెతుకు నవ్వొచ్చింది. ఆ మనిషి మీద చెప్పలేనంత గౌరవమూ కలిగింది. రెండో పలక తనే తీసుకుంది. అది పగిలింది. మూడోది నిలిచింది.

పిల్లలు ఒక్కొక్కరే కన్ను ఆనించి, చుక్కలో ఈదుతున్న పురుగుల్ని చూశారు. "టీచరమ్మా, ఇంత చిన్నోటికి ఏ వల ఎయ్యాల?" అనడిగింది ఒక పిల్ల. వరసలో ఆ పిల్ల వెనక, కండువా నడుముకు చుట్టుకుని, తన వంతు కోసం కామాక్షయ్య నిలబడి ఉన్నాడు.