ఎడమ భుజం మీద ఏడుపు

పోలియో చుక్కలు బట్టతల మీద పడ్డాయి. పడాల్సింది ఏడాది నిండిన బుడ్డోడి నోట్లో. పడ్డాయి కూడా. కానీ వాడికి రుచి నచ్చలేదు. తన మీదికి వంగి "మింగు నాన్నా, మింగు" అంటున్న తాతయ్య నెత్తిన తుపుక్కున ఉమ్మేశాడు. నర్సమ్మ దూదితో ఆ నెత్తి తుడిచి, ఏమాత్రం నవ్వకుండా, "ఇక నీ బట్టతలకు పోలియో రాదు తమ్ముడూ" అని చెప్పి, పిల్లాడి నోట్లో మళ్ళీ వేసింది.

ఆ తాతయ్య ఆవిడ సొంత తమ్ముడే. దర్జీ. చేతిపని బంగారం, మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "వచ్చే వారం రండి." ఒక పెళ్ళికొడుకు తన పెళ్ళి కోటు మొదటిసారి కొడుకు పుట్టినప్పుడు వేసుకున్నాడని చెప్పుకుంటారు. అందుకే వీధంతా అతణ్ణి 'వచ్చేవారం' అనే పిలుస్తుంది. అతనూ పలుకుతాడు.

నర్సమ్మ తీరు వేరు. ఆసుపత్రి చివర, టీకాల ఫ్రిజ్ గుర్రుమంటూ ఉండే చిన్న గదిలో ఆవిడ ఉద్యోగమంతా గడిచింది. టీకా రోజు ఏ తల్లయినా రాకపోతే, మర్నాడు ఐసు పెట్టె భుజాన తగిలించుకుని ఆ ఇంటి గుమ్మంలో తేలేది. "పిల్లాడు నిద్రపోతున్నాడమ్మా" అంటే, "మంచిదే, నేను పొడిచాక లేస్తాడు" అనేది. ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు.

టీకా ఎందుకని అడిగినవాళ్ళకు తమ్ముడి కొట్టునే చూపించేది. "మన ఒంట్లో కోట్లమంది దర్జీలున్నారు. ఒక్కొక్కడికి ఒక్క కొలతే వచ్చు. కొత్త క్రిమి వస్తే, దాని కొలత తెలిసినవాడెవడో దొరకాలి, వాడు తనలాంటి వాళ్ళను బోలెడుమందిని పోగేసుకోవాలి, అప్పుడు కుట్టు మొదలవ్వాలి. ఈలోపు జబ్బు తన పని తాను కానిచ్చేస్తుంది. టీకా అంటే మరేం లేదు, ముందే కొలతలిచ్చి రావడం. రేపు అసలు క్రిమి వచ్చినా మనవాళ్ళు తడుముకోరు."

"ఆ దర్జీలు కూడా మీ తమ్ముడిలాంటి వాళ్ళయితేనో?" అని ఎవరైనా అంటే, ఆవిడ కూడా పకపకా నవ్వేది. అది ఒకప్పటి మాట.

మేనకోడలు నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు గవదబిళ్ళల టీకా ఆ ఆసుపత్రికి కొత్తగా వచ్చింది. తమ్ముడు కూతుర్ని ఎత్తుకొచ్చాడు. పిల్లకు ముక్కు కారుతోంది. నర్సమ్మ సిరంజిలోకి మందు ఎక్కించింది కూడా.

"జలుబుగా ఉందక్కా, పాపం. వచ్చే వారం వేద్దువులే" అన్నాడు తమ్ముడు.

"వద్దత్తా" అంటూ పిల్ల ఆవిడ మెడ కరుచుకుంది.

కాస్త జలుబు టీకాకు అడ్డు కాదనీ, ఒళ్ళు జలుబుదీ టీకాదీ రెండు కొలతలూ ఒకేసారి తీసుకోగలదనీ ఆవిడకు తెలుసు. అంతకు ముందురోజే ఆ సంగతి ఇంకో తల్లికి చెప్పి మరీ పొడిచింది. అయినా మెడ చుట్టూ ఆ చేతులున్నాయే, అవి విడిపించుకోలేక సిరంజి పక్కన పెట్టేసింది.

వచ్చే వారం తమ్ముడికి బడి యూనిఫారాల కుట్టుపని. ఆ పై వారమూ అదే. అందరి గుమ్మాలూ ఎక్కిన మనిషి, ఆ ఒక్క గుమ్మానికీ పెట్టె పట్టుకెళ్ళలేదు. మన పిల్లే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

యూనిఫారాలు అయిపోయేసరికి పిల్ల బుగ్గలు పొంగాయి. నా కొట్లోని దారపు ఉండలు నోట్లో దాచేసిందని తండ్రి నవ్వాడు. అత్తా నవ్వింది. వాపు తగ్గాక ఒకరోజు పిల్ల ఎడమ చెవికి ఫోను ఆనించుకుని, "అత్తా, ఇది పాడైపోయింది" అంది. ఫోను బాగానే ఉంది. గవదబిళ్ళలు పోతూ పోతూ ఆ చెవి వినికిడి పట్టుకుపోయాయి.

ఆవిణ్ణి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. తమ్ముడికైతే తను ఆ రోజు ఏమన్నాడో గుర్తే లేదు. రోజంతా అనే మాట, ఏదని గుర్తుంటుంది? ఆవిడ మాత్రం అప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా మేనకోడలికి కుడివైపు చూసుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ మేనకోడలే బుడ్డోడి తల్లి. చుక్కలు మింగి వాడు రాగం అందుకోగానే, వాణ్ణి ఎడమ భుజాన వేసుకుంది. "ఇటు ఏడవరా కన్నా, ఇటువైపు ఇంట్లో ఎవరూ లేరు" అని నవ్వింది. ఊరికే ఫ్రిజ్ తెరిస్తే అందర్నీ కసిరే నర్సమ్మ, అటు తిరిగి, ఏమీ తీయకుండానే ఓసారి తలుపు తెరిచి మూసింది.

తర్వాత సిరంజి నింపింది. గవదబిళ్ళలదే. అప్పుడే బుడ్డోడు తుమ్మాడు. ముక్కు కారింది.

"అక్కా, వీడికి జలుబు చేసినట్టుంది. పాపం, వచ్చే వారం వేద్దువులే" అన్నాడు తమ్ముడు.

నర్సమ్మ చెయ్యి ఆగిపోయింది. బుడ్డోడు తల్లి భుజం మీంచి తడికళ్ళతో చూసి, ఎత్తుకోమని ఆవిడ మెడ వైపు రెండు చేతులూ చాచాడు. ఆవిడ వాడి నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. మేనకోడలి కుడివైపుకు జరిగింది.

"చెయ్యి గట్టిగా పట్టుకో అమ్మడూ" అంది. పొడిచింది.

వాడి గోలకు బయట బెంచీల మీది పిల్లలంతా వంత పాడారు. తాతయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇదేం గుండె అక్కా నీది! ఒకప్పుడు ఎంత జాలి ఉండేది నీకు, అదంతా ఏమైపోయింది?"

నర్సమ్మ దూది అదిమి పట్టుకునే ఉంది.

"ఉన్నదంతా అప్పుడే దీని ఎడమ చెవిలో పోసేశాన్రా, ఇక మిగల్లేదు."