హన్నా దొడ్డమ్మ పాటలో ఖాళీ

మా హన్నా దొడ్డమ్మకి చదువు రాదు. కీర్తనల పుస్తకం మాత్రం మొదటి పాట నుంచి చివరి పాట దాకా నోటికి వచ్చు. అల్లవరం పక్కన మా పేట చర్చిలో పాస్టరు దానియేలు అయ్యగారు పాట నంబరు చెప్పగానే ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ ఎత్తుకుంటేనే మిగతా గొంతులు కలిసేవి. ఇరవై రెండేళ్లు అలా సాగింది. ఆవిడకి పొలం లేదు, పుట్ర లేదు. ముందు వరస చాప మీద ఆ చోటు ఒక్కటే ఉంది.

మిగతా ఆరు రోజులూ పొలంలోనూ అదే పని. నాట్లకి పాట ఎత్తుకునే మనిషి ఉండాలి. ఆవిడ ఒక ముక్క అంటే పన్నెండుమందీ అందుకుని, నారు ఊడ్చుకుంటూ వెనక్కి అడుగేస్తారు. ఎవరి చెయ్యి నెమ్మదించినా వరస వంకర పోతుంది. అప్పుడు పాట ఆపకూడదు. పాట రాగంలోనే ఓ తిట్టు తిట్టాలి. అది మా అమ్మమ్మ నాటి నుంచీ ఉన్న పద్ధతి. దానికి ఎవరూ కోపం తెచ్చుకోరు, చెయ్యి మాత్రం చురుగ్గా కదులుతుంది.

డెబ్బై తొమ్మిదిలో, వానాకాలం సార్వా నాట్లప్పుడు రేడియో వాళ్లు వచ్చారు. ప్రభాకరరావు గారని ఒక ఆఫీసరు, మంచాయన, పెట్టెలాంటి మిషను గట్టు మీద చాప పరిపించి పెట్టించారు. ముందుగా కాగితం చూసి నిబంధనలు చదివారు. బూతు మాట రాకూడదు, తిట్టు రాకూడదు, కులం పేరూ పార్టీ పేరూ రాకూడదు.

"అర్థమైందా అమ్మా?"

"ఆయ్, అలాగేనండి. మేం బూతులెందుకంటామండి," అంది దొడ్డమ్మ.

టీచరు ట్రైనింగు ముగించుకుని ఇంటికొచ్చి నేనూ ఆ వరసలో ఉన్నాను. రెండేళ్లుగా బురదలో దిగని చేతులు. మూడో చరణానికల్లా వెనకబడ్డాను. దొడ్డమ్మ నోరు దాని అలవాటున అది పనిచేసింది. "నీ జిమ్మడ, చెయ్యాడించవే పిల్లా" అని రాగం తీసింది. అంతే. పసిపిల్లల బుగ్గలు పుణికి అనే మాట. మా పేటలో ఆ మాట పడకుండా పెరిగిన మనిషి లేదు.

పాట అయ్యాక ఆవిడే నాలిక్కరుచుకుంది. "మళ్లీ పాడమంటారాండీ?" అనడిగింది. మడి అయిపోయింది, వాన పట్టేలా ఉంది. "పర్లేదమ్మా, ఆ ఒక్క ముక్కా తీసేస్తాం," అన్నారు ప్రభాకరరావు గారు. తీసేస్తామన్నందుకు దొడ్డమ్మ ఆయనకి దణ్ణం కూడా పెట్టింది.

పాట వచ్చిన సాయంత్రం పంచాయతీ రేడియో ముందు ఊరంతా కూర్చుంది. దొడ్డమ్మ గొంతు ఖంగుమంటూ వచ్చింది. మూడో చరణంలో ఠక్కున ఆగింది. ఊపిరి తీసుకున్నంత సేపు ఏమీ లేదు. తర్వాత "చెయ్యాడించవే పిల్లా" అని వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

మర్నాటి నుంచి కనకరాజు టీ కొట్టులో ఆ ఖాళీలో ఒక్కొక్కరు ఒక్కో మాట పెట్టి పాడటం మొదలెట్టారు. రోజుకో కొత్త బూతు. నాకు ఒళ్లు మండిపోయి, కొట్టు ముందు నిలబడి అసలు మాట చెప్పాను.

"ఏంటీ, జిమ్మడా? దానికి రేడియో వాళ్లు కత్తిరిస్తారేంటమ్మా," అన్నాడు కనకరాజు. "చదువుకున్నదానివి, మీ దొడ్డమ్మ పరువు కాస్తున్నావు. మంచిదే."

నాట్లలో ఉన్న పన్నెండుమందీ అదే చెప్పారు. జట్టువాళ్లు జట్టువాళ్లనే వెనకేసుకొస్తారన్నారు ఊళ్లోవాళ్లు. నెల తిరిగేసరికి ఆ పన్నెండుమందిలోనే ఒకావిడ, తాను అవతలి కొసనున్నాననీ, సరిగ్గా వినపడలేదనీ అంది.

అయ్యగారు ఇంటికొచ్చి మెత్తగానే చెప్పారు. "ఓ రెండాదివారాలు వెనక కూర్చోండమ్మా. ఈ గోల సద్దుమణిగేక మళ్లీ మీరే ఎత్తుదురుగాని."

"నేనన్నది ఇదేనండి అయ్యగారూ," అని దొడ్డమ్మ ఆ మాట చెప్పింది.

"మా అమ్మ నన్ను పొద్దస్తమానం అంటారమ్మా ఆ మాట," అన్నారాయన, బాధపడుతూ. నిజం మరీ చిన్నదైపోయింది. అంత చిన్న నిజాన్ని ఎవరు నమ్ముతారు?

దొడ్డమ్మ నాచేత రేడియో ఆఫీసుకి ఉత్తరం రాయించింది. ఆ మాటేదో కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపించమని. నలభై రోజులకి జవాబొచ్చింది. కింద సంతకం ఇంకెవరిదో. "మీ పాటలో ప్రసారయోగ్యం కాని ఒక పదమును నిబంధనల ప్రకారం తొలగించడమైనది. అట్టి పదములను ఉత్తర ప్రత్యుత్తరములలో పేర్కొనుటకు వీలుపడదు." టైపు కొట్టిన రెండే వాక్యాలు. అయ్యగారికి చూపించొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. చదువు రాని మనిషి, ముద్ర చూసి మురిసిపోయి, తనే పట్టుకెళ్లి సంఘ పెద్దల చేతికిచ్చింది.

ఆ రెండాదివారాలు ఇంక అవలేదు. పాట ఎత్తుకోవడం వేరే ఆవిడకిచ్చారు. దొడ్డమ్మ వెనక గోడ దగ్గర కూర్చుని పెదాలు మాత్రం కదిపేది. నాట్లకి వెళ్లినా పాట ఎత్తుకునేది కాదు. ఎవరిమీదన్నా ఓ కంప్లయింటు రాద్దామంటే ఎవరిమీద రాయను? ప్రభాకరరావు గారు అన్నమాట ప్రకారమే చేశారు. నాకు ఇప్పటికీ ఎవర్ని తిట్టాలో తెలీదు.

ఎనభై ఒకటిలో ఓ మధ్యాహ్నం పెదనాన్న మోషే కొబ్బరి దింపు నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. నేను వసారాలో ఉన్నాను. ఆయన ఏ రోజూ ఆ ఊసెత్తినవాడు కాదు.

"ముప్పయ్యేళ్లు కాపరం చేసేం. నాతోనన్నా చెప్పవే హన్నా. ఆవేళ ఏమన్నావు?"

దొడ్డమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆవేళ అన్న మాటే చెప్పింది.

"సర్లే, పోనీలే," అన్నాడు పెదనాన్న అన్నం కలుపుకుంటూ. ఆయన గొంతులో కోపం లేదు. ఆవిణ్ణి ఎప్పుడో క్షమించేశాడు.