బర్రె కాళ్ల కింద పటాకుల లడీ

చొక్కా తొడుక్కుందామని చెయ్యెత్తితే ఊపిరి సగంలో ఆగిపోయింది. దీపావళి పాడ్వా మరునాటి పొద్దున అది, డెబ్బైల మొదట్లో. ముందు రోజు నా బర్రె తొక్కిన చోట ఎడమ పక్కంతా నల్లగా కమిలింది.

మహారాష్ట్ర అంచున ధర్మాబాద్ దగ్గర కర్ఖేలి మాది. దీపావళి తెల్లారి వచ్చే పాడ్వా నాడు మా దిక్కు బర్రెలను కడిగి, కొమ్ములకు రంగేసి, దండలు కట్టి ఊళ్లో తిప్పుతారు. మంచి పండుగే. దాన్ని చెడగొట్టింది కిరాణా దుకాణం రాజన్న సేటు. ఎవరి బర్రె ఎక్కువ ఎగిరితే వాళ్లకు పేరట. అందుకని కాళ్ల కింద పటాకుల లడీ, దండలా అల్లిన పటాకులు, అంటించడం మొదలుపెట్టాడు. భయంతో గుడ్లు తేలేసిన పశువును చూసి "ఏం హుషారున్నదిరా" అని చప్పట్లు కొట్టే తెలివి ఒక్క మనిషికే ఉంది. నాది సూడి బర్రె, వద్దన్నాను. వేశాడు. అది బెదిరి నన్ను గోడకు కొట్టి, పడిపోయిన నన్ను తొక్కుకుంటూ ఉరికింది.

"బర్రె తొక్కితే సస్తరా మామా? పసుపు రాసి గట్టిగ కట్టుకో," అన్నాడు సేటు. ఊరంతా అదే వైద్యం చెప్పింది. నా భార్య గంగవ్వ పాత చీరతో రొమ్ము చుట్టూ బిగించింది. బిగించిన కొద్దీ ఊపిరి తగ్గింది. జ్వరం వచ్చాక రైలెక్కించి నాందేడ్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరుది దెగ్లూర్ దిక్కు, మా తెలుగు మాటే. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూశాడు.

"ఈ కట్టు ఎవరు కట్టిన్రు? రిబ్స్ విరిగినయి, లంగ్ చుట్టు రక్తం చేరింది. గిట్ల బిగిస్తే ఊపిరెట్ల తీసుకోవాలె?"

"మా ఊర్ల అందరు డాక్టర్లే సారూ. సదువుకున్నోళ్లు మీరొక్కరే," అంది గంగవ్వ.

పక్కలోకి చెస్ట్ ట్యూబ్ వేసి, కొసను మంచం కింద సీసాలో పెట్టారు. ఎర్రటి నీళ్లు దిగుతుంటే ఊపిరి కాస్త తెరిపి ఇచ్చింది. అంతలో కార్తీకంలో తులసి పెళ్లిళ్లయి, మనుషుల పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒక వరాత్, పెళ్లి ఊరేగింపు, దవాఖాన గోడ పక్కనే నిలబడి పటాకులు కాల్చింది. లోపల రోగులున్నారన్న సోయి ఆ బూట్ల, ఫేటా తలపాగాల పెద్దమనుషుల్లో ఒక్కడికీ లేదు. పొగంతా వార్డులోకి వచ్చింది. నేను దగ్గీ దగ్గీ ట్యూబ్ జరిగిపోయింది. కిటికీ ముందరి వేపచెట్టు మీది కాకులు అరుచుకుంటూ లేచిపోయాయి. వాటికి రెక్కలున్నాయి, మాకు సెలైన్ గొట్టాలున్నాయి.

ట్యూబ్ మళ్లీ వేశారు. ఇన్ఫెక్షన్ పట్టుకుంది. డాక్టరు గంగవ్వను పక్కకు పిలిచి చెప్పింది నాకూ వినబడింది: "మందులకు తగ్గకుంటే ఆపరేషన్ జెయ్యాలె. తట్టుకుంటడో లేదో చెప్పలేనమ్మా."

అప్పుడొచ్చాడు సేటు, మోసంబీ పండ్ల సంచితో.

"పండుగన్నంక గిసొంటియి అయితనే ఉంటయి అత్తా. బర్రె మంచిగున్నదా?"

"నెలలు నిండకముందే దూడను పడేసింది. ఆ మోసంబీలు దానికి పోయి పెట్టు," అంది గంగవ్వ.

"పశువుకేం తెలుస్తది అత్తా."

"నీకు తెలిసినంత తెల్వదులే."

నాకు నవ్వొచ్చింది, నవ్వితే ప్రాణం పోయినంత నొప్పి. సంచి మాత్రం వెనక్కి తీసుకుపోయాడు.

మందులకే తగ్గింది. ట్యూబ్ తీశాక, ఊపిరి సాగాలని డాక్టరు రోజూ రబ్బరు బుగ్గ, అదే బెలూన్, ఊదమన్నాడు. మొదట్లో అది నిమ్మకాయంత కూడా ఉబ్బలేదు. ఇప్పటికీ గుట్ట ఎక్కితే ఎడమ పక్క పట్టేస్తుంది. బర్రె ఆ ఏడంతా గంగవ్వను తప్ప ఎవరినీ పొదుగు ముట్టనివ్వలేదు. గిన్నె కింద పడ్డా వణికేది.

సేటు లడీలు ఆగలేదు, ఇంకా పొడుగయ్యాయి. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పాడ్వా నాడు బర్రెను కడిగి, దండ వేసి, పొద్దున్నే చేనుకు తోలుకుపోయి మీరూ దానితోనే ఉండండి. పిరికోడంటారు, నన్నూ అన్నారు. మా బర్రె మాత్రం ఆ తర్వాత ప్రతిసారీ నిండు నెలలకే ఈనింది.