సగం తలుపుల జీపు

మా అమ్మకూ పెద్దమ్మకూ మాటలు లేకపోవడానికి కారణం ఒక బర్రె. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క, న్యాల్‌కల్ దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. ఆమె దొడ్లో కుండెడు పాలిచ్చిన బర్రె మా దొడ్లోకి వచ్చాక చెంబెడు కూడా ఇవ్వలేదు. ఎండిన బర్రెను అంటగట్టిందని అమ్మ, చెల్లెలి చెయ్యి మంచిది కాదని పెద్దమ్మ. మాటా మాటా పెరిగింది. "నీ వాకిట్ల కాలు పెడితే ఒట్టు" అని అమ్మ అంటే, "నీ గడప తొక్కితే నాది ఒట్టు" అని పెద్దమ్మ అంది. కొన్నాళ్లకు ఆ బర్రె చచ్చిపోయింది. ఒట్లకు మాత్రం ఏ రోగమూ రాలేదు.

మొన్నటి చలికాలంలో పెద్దమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బీదర్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. నేను పోయి చూసి వచ్చాను. "చూసొచ్చిన" అని చెబితే అమ్మ "మంచిది" అని, చేటలో కందిపప్పు ఏరుకుంటూ కూర్చుంది. అందులో రాళ్లు లేవు. నాకు తెలుసు, ముందు రోజే ఏరింది.

మాది జహీరాబాద్‌లో విత్తనాల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఆ తర్వాత న్యాల్‌కల్ వైపు నుంచి ఏ రైతు వచ్చినా, అమ్మకు దుకాణంలో ఏదో ఒక పని పడేది. చీపురు పట్టుకుని వచ్చి ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది.

"మీ దిక్కు గా ముసల్ది నడుస్తున్నదా?"

"ఏ ముసలామె, అవ్వా?"

"గదే, బర్రెల ముసల్ది."

నడుస్తున్నదంటే చీపురు మూలకు పెట్టి లోపలికి పోయేది. తెలియదంటే అన్నం సగమే తినేది. అక్కను చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంటోందని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఆమె నోటితో ఆ మాట అనిపించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

చివరికి నేనే అన్నాను, "పోదాం పా అమ్మా, నా బండిల తీస్కపోత" అని.

"నీ బండ్ల నాకు ఊపిరాడది. గా తలుపులు లేకుంటె ఎప్పుడో పోయొస్తుంటి."

ఇది పూర్తి అబద్ధం కాదు. ఒకసారి ఆమెను హైదరాబాద్ తీసుకుపోతుంటే సదాశివపేట కూడా దాటలేదు, వాంతి చేసుకుంది. అద్దాలు దించినా లాభం లేకపోయింది. చుట్టూ మూసి ఉన్నదేదైనా ఆమెకు పెట్టెతో సమానం. బస్సెక్కుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు. కానీ పూర్తి నిజం కూడా కాదు. తలుపులు ఎట్లాగూ ఊడవు కదా అన్న ధైర్యంతో అన్న మాట అది. నా బండి పైకి జీపులా కనిపించే ఎస్‌యూవీ. షోరూమువాళ్లు దానికి ఏ పేరు పెట్టినా మా ఇంట్లో జీపనే అంటాం. బోల్టులు విప్పితే దాని తలుపులు ఊడి చేతికి వస్తాయి. ఈ సంగతి అమ్మకు తెలియదు. తెలిసి ఉంటే ఇంకో సాకు వెతుక్కునేది.

ఎండాకాలంలో విత్తనాల దుకాణంలో ఈగలు తోలుకోవడం తప్ప పనుండదు. మిరుగం కార్తెకు వానలు పడేదాకా ఎవరూ రారు. ఫోనులో వీడియోలు చూస్తుంటే, ఏదో చలిదేశంలో ఒకాయన తన జీపుకు సగం తలుపులు చేసుకుంటూ కనిపించాడు. నడుము దాకా తలుపు ఉంటుంది, పైన ఏమీ ఉండదు. వేసవి వచ్చింది కాబట్టి ఇక హాయిగా తిరగొచ్చని ఆయన చాలా సంతోషపడుతున్నాడు. ఎండను చూసి అంత సంతోషపడిన మనిషిని జహీరాబాద్‌లో నేనింతవరకూ చూడలేదు. మా దగ్గర ఏప్రిల్‌లో కాకి కూడా నీడ విడిచి రాదు. అయినా ఆ వీడియో మూడుసార్లు చూశాను.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో బండి తలుపులు విప్పి గోడకు ఆనించాను. అమ్మ బయటికి వచ్చి చూసింది. మొదట తలుపుల్ని, తర్వాత బండిని, తర్వాత నన్ను.

"ఇగ తలుపులు లేవు. పోదామా?" అన్నాను.

"తలుపుల్లేని బండ్ల కూసుంటె కింద పడనా?"

సగం తలుపులు చేయిస్తే ఈ రెండు సాకులూ పోతాయని లెక్క వేసుకున్నాను. మూడోది ఒకటి ఉందని, అదే అసలుదని నాకు తట్టలేదు. ఇనుముతో అయ్యే పని కనబడితే నాకు మిగతావి కనబడవు.

హైవే పక్కన వెల్డింగ్ షెడ్డు పెట్టుకున్న భాయ్ దగ్గరికి పోయాను. మా చుట్టుపక్కల ఇళ్ల గేట్లన్నీ ఆయన చేసినవే. కూలర్ వచ్చిన అట్టపెట్టెను కోసి తయారుచేసిన నమూనా ఆయన ముందు పెట్టాను.

"గేటా సార్?"

"కాదు భాయ్, బండి తలుపు. సగం తలుపు."

"మరి మిగిలిన సగం ఎవలు చేస్తున్నరు?"

"మిగిలిన సగం ఉండది."

భాయ్ కళ్లద్దాలు పైకి ఎత్తుకుని నా వంక జాలిగా చూశాడు. "జర సోంచాయించి చెప్పు సార్. మొత్తం చేసిస్త, ఫికర్ చెయ్యకు."

అమ్మ కోసమని చెప్పాను. అప్పుడు ఆయన ముఖం మారింది. పని ఒప్పుకుని, "నడుమ ఏం పెట్టాలె? ఓం ఉన్నది, సూర్యుడున్నడు, నెమలి ఉన్నది" అన్నాడు. ఏమీ వద్దన్నాను. ఆ మాట ఆయనకు నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

ఎత్తు మాత్రం సరిగ్గా ఉండాలి. తలుపు మీద మోచెయ్యి ఆనించుకునే వీలుంటే అమ్మకు భయం ఉండదని నా ఆలోచన. అందుకని ఆమెను బండిలో కూర్చోబెట్టి మోచేతి దాకా టేపుతో కొలిచాను. సీటు కాలుతోందని ఆమె ఒక పాత బొంతను నాలుగు మడతలు వేసి కింద పరుచుకుని కూర్చుంది. నేను బొంతను చూశాను. దానికి కూడా ఒక ఎత్తు ఉంటుందని ఆలోచించలేదు.

తలుపులు వచ్చాయి. ఇనుప పైపు చట్రం, కింద రేకు, ఎర్ర రంగు. మూసుకోవడానికి ఇంటి గేటుకు ఉండే గడియే పెట్టాడు, తాళం వేసుకునే కన్నంతో సహా. అమ్మ కూర్చునే వైపు తలుపు నడుమ ఒక నెమలి ఉంది.

"వద్దంటి గద భాయ్?"

"అమ్మ కూసుంటదంటిరి గద సార్. ఖాళీగ ఎట్ల ఇయ్యాలె?"

నెమలితోనే ఇంటికి వచ్చాను. మా ఆవిడ బయటికి వచ్చి తలుపు మీద చెయ్యి వేసి, అంతే వేగంగా వెనక్కి తీసుకుంది. "దీని మీద జొన్నరొట్టెలు కాల్చుకోవచ్చు. అత్తమ్మ చెయ్యి ఏం కావాలె?" అంది. లోపలికి పోయి చేతికి అందిన పాత బొంతను కోసి, తలుపుల పైఅంచుకు మందంగా చుట్టి కుట్టేసింది. కొలత రోజు అమ్మ కింద పరుచుకున్న బొంత అదే. అంటే అమ్మ కింద బొంత పోయి ఆమె కిందికి దిగింది, ఆ బొంతే తలుపు మీదికి చేరి తలుపు పైకి లేచింది. అమ్మ ఎక్కి కూర్చుంటే మోచెయ్యి ఆనవలసిన తలుపు భుజం దగ్గరికి వచ్చింది.

"తలుపు పెట్టమంటె గోడ కట్టినవేందిరా?" అంది.

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పోయింది. అమ్మ ఆ బొంత అంచును కాసేపు చేత్తో తడిమింది. నచ్చిందనుకున్నాను. ఆమె కింద రెండు దిండ్లు వేస్తే ఎత్తు సర్దుకుంది.

ఇక సాకులు అయిపోయాయి. ఎండ ముదరకముందే చేరాలని తెల్లారగానే బయల్దేరాం. అమ్మ మంచి చీర కట్టుకుంది. గంట కూడా పట్టని దారికి మూట నిండా రొట్టెలు, సీసా నిండా అల్లం పచ్చడి పెట్టుకుంది. ఎవరికమ్మా అంటే "తొవ్వల ఆకలైతె" అంది. అల్లం పచ్చడి ఆమె తినదు, కడుపులో మంట. అది ఎవరికి ఇష్టమో నేను అడగలేదు.

హైవే ఎక్కకుండా ఊళ్ల మధ్య దారిన పోయాం. అమ్మ దిండ్ల మీద బాసింపట్టు వేసుకుని, మోచెయ్యి బొంత మీద పెట్టి, పెళ్లి ఊరేగింపులో ఉన్నట్టు కూర్చుంది. దారిలో కనబడిన ప్రతి మనిషినీ పలకరించింది. గొర్రెల మంద అడ్డం వస్తే కాపరిని వాళ్ల ఊరు, ఇంటిపేరు, ఆడపిల్లల్ని ఎక్కడిచ్చిందీ అడిగి తెలుసుకుంది. గొర్రెలు పోయాక కూడా మేం అక్కడే ఉన్నాం. సగం దారిలో వడగాలి మొదలైంది. ఎర్రమట్టి లేచి ముఖాన కొట్టింది. చలిదేశపాయన ఈ భాగం వీడియోలో చూపించలేదు. నా నోట్లో మట్టి కరకరలాడుతోంది. అమ్మ మాత్రం ఆ గాలిని గుండెల నిండా పీల్చుకుని, "గిట్లుండాలె బండంటె" అంది. వాంతి లేదు, భయం లేదు. ఆమెను అట్లా చూసి నాకు చెప్పలేనంత సంతోషమైంది.

పెద్దమ్మ ఇంటి ముందు రోడ్డు మీద బండి ఆపాను. దిగి వచ్చి గడియ తీయబోయాను. అమ్మ లోపలి నుంచి గడియను గట్టిగా పట్టుకుంది.

"నేను దిగ."

"మరెందుకొచ్చినవమ్మా?"

"నువ్వు తెస్తివి, నేనొస్తిని. వాకిట్ల కాలు పెట్టనని ఒట్టున్నది."

ఎండలో నిలబడి నా తలుపుల్ని చూసుకున్నాను. ఇంత పనీ చేసింది ఒక ముసలామెను రోడ్డు దాకా తెచ్చి వెనక్కి తీసుకుపోవడానికా అనిపించింది. ఏడుపు వచ్చింది. అమ్మ తల తిప్పకుండా ముందుకే చూస్తోంది. కానీ రెండో చేత్తో కొంగు తీసి ముఖం మీది మట్టి తుడుచుకుంటోంది.

బండి చప్పుడు విని పెద్దమ్మ కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కుంటుకుంటూ, ఆగుతూ, రోడ్డు దాకా నడిచి వచ్చింది. అమ్మ ఓరకంట ఆ నడకను ప్రతి అడుగూ చూసింది. పెద్దమ్మ వచ్చి జీపుకు ఇవతల, నా పక్కన నిలబడింది. చెల్లెలి ముఖం ఆమెకు మూరెడు దూరంలో ఉంది. ఆమె నాతో మాట్లాడింది.

"మీ అమ్మ నీళ్లు తాగుతదేమో అడుగు."

"తాగే వచ్చిననని మీ పెద్దమ్మకు చెప్పు" అంది అమ్మ.

"సన్నబడ్డదేంది, తింటలేదా అడుగు."

"తుంటి ఎట్లున్నదో ముందుగాల అది చెప్పమను."

ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. అయినా నేను ప్రతి మాటా అటు చెప్పి, ఇటు చెప్పాను. అది పద్ధతి. కాసేపటికి పెద్దమ్మకు నిలబడడం కష్టమై, కర్రను బండికి ఆనించి, రెండు మోచేతులూ తలుపు మీద పెట్టుకుంది. పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడే ఆడవాళ్లు నిలబడేది అట్లాగే. గోడలా తయారైన ఆ తలుపు ఆమెకు సరిగ్గా సరిపోయింది. అప్పుడు ఆమె చూపు మోచేతుల కింద ఉన్న గుడ్డ మీద పడింది. ఒక ఆకుపచ్చ ముక్కను వేలితో రాసి చూసింది.

"ఇది మనమ్మ చీర కాదే?"

ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు.

"కాకుంటె ఎవలది?" అంది అమ్మ.

"అమ్మ కుట్టిన బొంతనా? ఎవలు కోసిన్రే దీన్ని?"

అమ్మ నన్ను చూపించింది. "వీడే. నేను వద్దంటె ఇంటడా?"

ఆమె వద్దనలేదు. కోసింది నేనూ కాదు. ఆ రెండు సంగతులూ చెప్పే వీలు నాకు దొరకలేదు. "అమ్మమ్మ చేతి కుట్టు గదరా, బుద్ధున్నోడు కోస్తడా?" అని పెద్దమ్మ, "ఇనుపముక్కకు చుట్టనీకె ఇదే దొరికిందా?" అని అమ్మ. ఇద్దరూ నన్ను ఒకరి మాట ఒకరు అందుకుంటూ తిట్టారు. అమ్మమ్మ తనకిచ్చిన బొంతను పెట్టెలోంచి తియ్యనే తియ్యలేదని పెద్దమ్మ చెల్లెలికి చెప్పింది, నీది ఎర్ర అంచుది గదా అని అమ్మ అక్కను అడిగింది. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ తిట్లు తినలేదు. నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. సిగ్గుపడుతున్నాననుకుని కాసేపటికి వదిలేశారు.

"నిలవడకే, తుంటి గుంజుతది. ఎక్కు" అంది అమ్మ.

పెద్దమ్మ ఆలోచించింది. "ఇది నీ ఇల్లు కాదు గద?"

"ఇల్లెట్లయితది? బండి."

"గడప లేదు గద?"

ఇద్దరూ కిందికి వంగి చూశారు. లేదని తేలింది. లోపలి నుంచి పీట తెచ్చి వేశాను. అమ్మే గడియ తీసి పక్కకు జరిగింది. పెద్దమ్మ నెమలి తలను పట్టుకుని పైకెక్కి, దిండ్లలో ఒకటి లాక్కుని కూర్చుంది. అల్లం పచ్చడి సీసా మూత తీసి వాసన చూసి, "ఉప్పు ఎక్కువైంది" అంది. సగం సీసా అక్కడే ఖాళీ చేశారు. నేను పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. మధ్యలో బర్రె మాట వినపడి లేచి నిలబడ్డాను. ఆ బర్రెకు దూడ మీద బెంగ ఉండెనేమో అని ఒకరంటే, ఉండొచ్చు అని ఇంకొకరు అన్నారు.

మిరుగం వచ్చింది, వానలు మొదలయ్యాయి, దుకాణంలో పని పెరిగింది. అమ్మను మళ్లీ మళ్లీ తీసుకుపోతూనే ఉన్నాను. ఆమె ఇప్పటికీ ఆ వాకిట్లో కాలు పెట్టలేదు. పెద్దమ్మ మా గడప తొక్కలేదు. ఒకసారి వానకు ఇద్దరూ తడిసి ముద్దయితే, ఇక పాత తలుపులు బిగిస్తానని నెమలి తలుపు బోల్టు మీద పానా పెట్టాను.

పెద్దమ్మ లోపలి నుంచి నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు బిడ్డా. ఇది తీసేస్తె మేమిద్దరం యాడ కలవాలె?"