నన్ను చూడాలంటే నడవాలి

పెద్దపేగులో కేన్సర్ గడ్డ ఉందని తెలిసినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మామిడి కోతలు ముందర పెట్టుకుని ఇదేం తద్దినం అనుకున్నాను. తొందరగా తీసేయండి, నేను తోటకు పోవాలి అని హోసూరు ఆసుపత్రిలో డాక్టరుతో అన్నాను. ఆయన నా రిపోర్టులు తిరగేసి తల అడ్డంగా ఊపాడు. రక్తం తక్కువ, కాళ్ళలో సత్తువ లేదు, మెట్లెక్కితే ఆయాసం. ఈ ఒంటితో కోస్తే కోత తట్టుకున్నా ఆ తర్వాతి రోజులు తట్టుకోలేవన్నాడు. కొన్ని వారాలు గడువిస్తాను, బలం తెచ్చుకుని రా, అప్పుడు కోస్తాను అన్నాడు.

బలం తెప్పించే పని పక్క గదిలో ఉన్న ఒక అమ్మాయిది. వ్యాయామం నేర్పుతుంది. పుట్టినప్పటి నుంచి చేనిపని చేసినదాన్ని, నాకు వ్యాయామమేంటి అని ఆ పిల్లతో దబాయించాను. ఆమె నవ్వి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లేచాను. కూర్చుని మళ్ళీ లేవమంది. కాసేపటికే తొడలు వణికాయి, ఊపిరి అందలేదు. చేనిపనికి ఒళ్ళు అరిగింది గానీ ఊపిరి పెరగలేదమ్మా అని తమిళంలో మెల్లగా చెప్పింది. రోజూ నడవాలి, కుర్చీలో లేచి కూర్చోవాలి, మూడు గోలీలున్న ప్లాస్టిక్ డబ్బాలోంచి గాలి పీల్చి ఆ గోలీలను పైకి లేపాలి, గుడ్లూ పప్పూ బాగా తినాలి. ఇదీ నాకు పెట్టిన పని.

క్రిష్ణగిరి పక్కన మా ఊరికి నాకంటే ముందే కబురు చేరింది. మావైపు జబ్బంటే మంచం. మత్తూరు నుంచి, ఊత్తంగరై నుంచి బంధువులు బ్రెడ్డు ప్యాకెట్లు, ఆపిల్ పండ్లు పట్టుకుని దిగారు. మంచం చుట్టూ కూర్చుని నా మొహం చూసి నిట్టూర్చేవాళ్ళు. వాళ్ళ ప్రేమను కాదనను గానీ, వచ్చిన ప్రతి ఒక్కరూ నన్ను పడుకోమనేవాళ్ళే. ఒకరు పోతే ఒకరు వస్తుంటే నాకు నడవడానికి పొద్దే మిగల్లేదు.

డెంకణికోట నుంచి మా అక్క ఏకంగా బట్టల సంచితోనే వచ్చింది. కొన్నేళ్ళ కిందట మా బావకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు ఆమె ఆయన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. నీళ్ళు కూడా నోటికే అందించింది. ఆపరేషన్ బాగానే జరిగినా, మంచంలో ఉండగానే ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆయన పోయాడు. మొగుడికి అంత సేవ ఎవరు చేస్తారని ఊరంతా చెప్పుకుంది. అక్కకు మిగిలిన ఊరట ఆ మాటొక్కటే. ఇప్పుడు నాకూ అదే సేవ చేయడానికి నడుం బిగించింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒకరోజు మంచం చుట్టూ చేరినవాళ్ళందరికీ చెప్పేశాను.

"నన్ను చూడాలంటే నాతో నడవాల. ఈడ కూర్చునేవాళ్ళకు కాఫీ కూడా లేదు."

మొదట్లో మొహాలు మాడ్చుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. మా గేటు దగ్గర బయలుదేరి, తోట చుట్టి, గుట్ట మొదలుదాకా పోయి రావడం. మత్తూరులో వ్యాపారం చేసే మా మరిది కారు దిగి నాతో వచ్చి, తోట సగంలోనే గట్టు మీద కూలబడ్డాడు. నన్ను పలకరించడానికి వచ్చిన మనిషిని నేనే పలకరించాల్సి వచ్చింది. ఆరోజు నాకు గొప్ప సంతోషమేసింది, దాచుకోను.

అక్క మాత్రం నన్ను వెనక్కి లాక్కురావడానికే వెంట వచ్చేది. అడవి పక్కనుండే డెంకణికోట మనిషి కదా, తెల్లవారకముందు గేటు దాటనిచ్చేది కాదు, ఏనుగులొస్తాయనేది. మా ఊళ్ళో ఏనుగులెక్కడివక్కా అంటే, మాకాడ మాత్రం చెప్పొస్తాయా అనేది.

మధ్యలో ఒకసారి ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. మంచిగా పడుకోబెట్టక ఈ మనిషిని ఎందుకిట్ల ఆయాసపెడతారని అక్క ఆ పిల్లను నిలదీసింది. పిల్ల ఓపిగ్గా చెప్పింది. ఆపరేషన్ తర్వాత పడుకునే ఉంటే ఊపిరితిత్తుల అడుగున గాలి ఆడదు, కఫం చేరుతుంది, నెమ్ము చేసే ప్రమాదముంది, అందుకే మర్నాడే లేపి నడిపిస్తాం, ఆ నడకకు ఇప్పటినుంచే తయారు చేస్తున్నాం అంది. అక్క బస్సులో ఇంటిదాకా కిటికీలోంచి బయటికే చూసింది. ఏమనుకుంటోందో నాకు తెలుసు. మర్నాడు నేను లేచేసరికి, ఇంకా చీకటి ఉండగానే, ఆమె చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఏనుగుల ఊసెత్తలేదు.

గడువు తీరేసరికి నేను మాట్లాడుకుంటూ మెట్లెక్కుతున్నాను. డాక్టరు సరే అన్నాడు. ఆపరేషన్ అయిపోయింది.

మర్నాడు పొద్దున వ్యాయామం పిల్ల వచ్చి లేద్దామంది. కడుపంతా మంట. ఇన్నాళ్ళూ నేను కొట్టిన డాబులన్నీ యాడికి పోయినాయో. రేపు చూద్దాంలే అని కళ్ళు మూసుకున్నాను. ఆ పిల్ల బతిమాలినా కదల్లేదు. అక్క నావైపు మాట్లాడుతుందన్న ఆశతో ఆమె మొహం చూశాను. అక్క నా మీది దుప్పటి తీసి మడత పెట్టింది.

"మీ బావ కూడా రేపు లేస్తాననే చెప్పినాడు. సరేలే అని పండుకోబెట్టినాను. నువ్వు ఎంత ఏడ్చినా నేను సరే అనను. లేమ్మా."

లేచాను. కడుపుకు దిండు అదుముకుని ఒక్కొక్క అడుగూ వేశాను. మూత్రం సంచి అక్క పట్టుకుంది. పిల్ల వద్దందని నా చెయ్యి పట్టుకోలేదు గానీ, ఆమె చెయ్యి నా వీపు వెనకే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. వరండా చివర బెంచీ దాకా నడిచాం. బెంచీ నాకోసం. కూర్చున్నది అక్క. కొంగు నోట్లో కుక్కుకుని బావ కోసం ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

నేను నిలబడే ఉన్నాను. ఆమె తలమీద చెయ్యి పెట్టి, మనకప్పుడు ఎవురూ చెప్పలేదక్కా అన్నాను. ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగాను.

"లేయక్కా, పోదాం."

కళ్ళు తుడుచుకుని లేచింది. మంచం దాకా ఇద్దరం నడిచాం.