మూడు ఫ్యాన్ల కార్డు

మా వదినకు గొంతులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ తర్వాత మాట వస్తుంది కానీ పాట సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు. ఆమె నా భర్తకు అక్క. బీడీలు చుడుతూ పాడుకున్న పాటలు ఆమె దగ్గర చాలా ఉన్నాయి. అవి ఎక్కడా రాసి లేవు. నేను అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటాక. ఆమె పాడుతుంటే రాసుకునేంత వేగం నాకు లేదు. మా అమ్మాయి దగ్గర పాటలు రికార్డు చేసే కంప్యూటర్ ఉంది. సరిగ్గా అప్పుడే దాని గ్రాఫిక్స్ కార్డు కాలిపోయి, తెర నల్లబడిపోయింది.

మేముండేది సూరత్‌లో, భేస్తాన్ వైపు. చుట్టూ కరెంటు మగ్గాల చప్పుడే. వారానికి ఒక్క రోజు వాటికి సెలవు. ఆ రోజే ఇంట్లో రికార్డింగ్ కుదురుతుంది. ఆపరేషన్‌కు ముందు అలాంటి రోజు ఒక్కటే మిగిలింది.

రికార్డింగ్‌కని చెబితే దుకాణదారు ఫ్యాన్ లేని చిన్న కార్డు చూపించాడు. చప్పుడు ఉండదన్నాడు. ముప్పై ఏళ్లు మగ్గం నడిపిన మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫ్యాన్ లేకుంటే మాడిపోదా? గా మూడు ఫ్యాన్లదే తీస్కో బిడ్డా. సల్లగుంటేనే మిషిన్ బతుకుతది."

నేనూ తలూపాను. ఇంటికొచ్చి కార్డు బిగించాక, ఆయన మాట మీదే అమ్మాయి ఫ్యాన్లను పూర్తి వేగంలో పెట్టింది. మాలో ఎవరికీ అది చప్పుడనిపించలేదు.

సెలవు రోజు వదిన బమ్రోలి నుంచి వచ్చింది. మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని ఆగిపోయింది.

"ఏందే పిల్లా, ఈ డబ్బాల గూడ మగ్గం పెట్టిండ్రా?"

"ఏం సప్పుడక్కా? నాకేం వినొస్తలేదు," అన్నాడు మా ఆయన.

"నీకెట్ల వినొస్తదిరా? నీ చెవులు ఎప్పుడో మగ్గాల సేటుకిచ్చినవ్."

అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది. దాని మొహం వాడిపోయింది. "నిజమే అమ్మా, అత్తమ్మ గొంతెనక గుయ్యిమంటున్నది."

ఫ్యాన్ల వేగం తగ్గించినా ఆ గుయ్యి పోలేదు. దుకాణానికి పోయి కార్డు మార్చుకుని వచ్చేసరికి పొద్దు పోతుంది. మర్నాడే ఆసుపత్రి. "పోనీలెండ్రి, నా పాటలకు గింత కష్టమెందుకు," అంటూ వదిన లేవబోయింది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఫ్యాన్ల పేజీ ఇంకా తెరిచే ఉన్న తెర ముందుకెళ్లాను. అమ్మాయి ఒక్క చూపులో పేజీ చదివేస్తుంది. నాకలా రాదు. వేలు పెట్టి, పై నుంచి ఒక్కో వరుస కూడబలుక్కుంటూ పోవాలి. ఇంగ్లీషు ఇంకా కష్టం. అన్నిటికంటే కింద ఒక వరుసలో 'ఫ్యాన్', 'స్టాప్' అనే మాటలు రెండూ కనిపించాయి.

"ఇదేంది బిడ్డా?"

అమ్మాయి వంగి చూసింది. కార్డు వేడెక్కేదాకా ఫ్యాన్లు ఆపి ఉంచేదట. అక్కడ నొక్కింది. మూడు ఫ్యాన్లూ మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. అంతసేపూ ఎంత చప్పుడులో కూర్చున్నామో నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన డబ్బా మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగనే ఉన్నదే," అన్నాడు మెల్లగా.

వదిన చీకటిపడేదాకా పాడింది.

ఇప్పుడు ఆమె మాట్లాడుతుంది, పాడదు. మా ఇంటికొచ్చి ఆ పాటలు వింటున్నప్పుడు వేళ్లు మాత్రం ఒళ్లో బీడీలు చుడుతున్నట్టు కదులుతాయి. మొదట చప్పుడుతో రికార్డయిన ముక్కను అమ్మాయి చెరిపేస్తానంటే నేను ఒప్పుకోలేదు. అందులో పాట లేదు, వదిన గొంతు సవరించుకోవడం, మమ్మల్ని తిట్టడం ఉన్నాయి. వచ్చినప్పుడల్లా ముందు అదే పెట్టమంటుంది. పెట్టగానే నవ్వుతుంది.

మా ఆయన మాత్రం అందులో ఏ చప్పుడూ లేదని ఇప్పటికీ వాదిస్తాడు.